వాద్యమే మూలప్రతి: హ్యారీ పార్చ్ స్వహస్త నిర్మిత వాద్యాలు - ప్రయోగ సంగీత పరిరక్షణ సమస్య

వ్యాససంగ్రహం:
పాశ్చాత్య శాస్త్రీయ సంగీత చరిత్రకు ప్రధానాధారం స్వరలిపి. అయితే తమ సంగీతానికి కావలసిన వాద్యాలను తామే శిల్పాలవలె నిర్మించుకొన్న ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగ సంగీతకర్తల విషయంలో ఈ ఆధారం చాలదు. అమెరికన్ సంగీతకర్త హ్యారీ పార్చ్ (1901-1974) వాద్యాల నిర్మాణం, ఆయన లిపి పద్ధతి, ఆయన మరణానంతరం ఆ వాద్యాలకు పట్టిన గతి అనే మూడు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటువంటి సంగీతంలో మూలప్రతి స్థానం వాద్యానిదేనని, వాద్య పునర్నిర్మాణాన్ని గ్రంథ పరిష్కరణకు సమానమైన పాండిత్య కృషిగా గుర్తించాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రయోగ సంగీతం, హ్యారీ పార్చ్, వాద్య శిల్పం, శుద్ధ శ్రుతి, స్వరలిపి, మూలప్రతి, పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

ఒక సంగీత రచన ఎక్కడ ఉంటుంది? పాశ్చాత్య సంగీత చరిత్రకారులు ఈ ప్రశ్నకు చాలాకాలం ఒకటే సమాధానం చెప్పారు: అది స్వరలిపిలో ఉంటుంది. బీథోవెన్ వాయించిన పియానో శిథిలమైనా ఆయన సొనాటాలకు లోటు రాదు. ఏ దేశంలో, ఏ కార్ఖానాలో తయారైన పియానో మీదనైనా వాటిని వాయించవచ్చు. వాద్యం సర్వసామాన్య వస్తువు, రచన విశిష్ట వస్తువు అన్న భావన ఈ సమాధానానికి పునాది.

ఇరవయ్యో శతాబ్దంలో కొందరు సంగీతకర్తలు ఈ పునాదినే కదిలించారు. వారు కోరిన ధ్వనులు అందుబాటులో ఉన్న వాద్యాలలో లేవు. అందువల్ల కొయ్య, గాజు, లోహం, వెదురు, సొరబుర్ర వంటి పదార్థాలతో కొత్త వాద్యాలను స్వయంగా నిర్మించుకొన్నారు. అవి చూడడానికి శిల్పాలు, వాయించడానికి వాద్యాలు. చాలావరకు ఒక్కొక్కటి ఒక్కటే ఉంది. అటువంటి వాద్యం పగిలినా, పోయినా దానికోసం రాసిన సంగీతం ఏమవుతుంది? వాద్యాన్ని వాయిస్తే అరిగిపోతుంది, వాయించకపోతే సంగీతం మూగబోతుంది. ఈ సంకటమే ప్రస్తుత వ్యాసానికి విషయం.

2. పూర్వరంగం: రుస్సోలో శబ్ద యంత్రాలు

ఈ చరిత్రలో తొలి హెచ్చరిక ఇటలీ నుంచి వచ్చింది. చిత్రకారుడు లుయీజీ రుస్సోలో (1885-1947) 1913 మార్చి 11న 'శబ్దాల కళ' అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక ప్రకటన వెలువరించాడు. పరిశ్రమలు, వాహనాలు పుట్టించే శబ్దాలు కూడా సంగీతానికి ముడిసరుకేనని వాదించాడు. ఆ వాదనకు రూపంగా 'ఇంతోనారుమోరి' అనే శబ్దయంత్రాలను నిర్మించాడు. అవి ముందువైపు పెద్ద బాకా అమర్చిన కొయ్యపెట్టెలు. చేతిపిడి తిప్పితే లోపలి చక్రం తీగను ఒరుసుకొంటుంది, ఆ తీగ కంపనం చర్మపు పొరకు చేరుతుంది, బాకా దానిని పెద్దదిగా చేసి వినిపిస్తుంది. మీట జరిపి తీగ బిగువును మార్చితే శ్రుతి మారుతుంది. 1914 ఏప్రిల్ 21న మిలాన్‌లో, అదే ఏడాది జూన్‌లో లండన్‌లో ఈ యంత్రాలతో కచేరీలు జరిగాయి.

ఆ మూల వాద్యాలలో ఒక్కటీ నేడు మిగలలేదు. రుస్సోలో రచనలలో ఒకదాని లిపి నుంచి చిన్న భాగం మాత్రమే దక్కింది. 1921లో ఆయన సోదరుడు ఆంతోనియో రుస్సోలో రచనలతో వెలువడిన గ్రామఫోన్ రికార్డులో ఆ యంత్రాల ధ్వని మామూలు వాద్యబృందం నడుమ వినిపిస్తుంది. 2009లో న్యూయార్క్‌లోని పెర్ఫార్మా ఉత్సవం కోసం సంగీతజ్ఞుడు లూచానో కెస్సా ఆధ్వర్యంలో 16 యంత్రాలను పునర్నిర్మించారు. అయితే వాటిపై వాయించడానికి కొత్త రచనలను ఆహ్వానించవలసి వచ్చింది. యంత్రాలు తిరిగి వచ్చాయి గాని, వాటికోసం తొలుత రాసిన సంగీతం చాలావరకు తిరిగి రాలేదు. రుస్సోలో ఉదంతంలో వాద్యమూ లిపీ రెండూ నష్టమయ్యాయి. లిపి పూర్తిగా మిగిలి, వాద్యం మాత్రం ప్రమాదంలో పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి హ్యారీ పార్చ్ ఉదంతం అవసరం.

3. శ్రుతి నుంచి శిల్పానికి

పార్చ్ 1901 జూన్ 24న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు అంతకుముందు చైనాలో క్రైస్తవ మత ప్రచారకులుగా పనిచేశారు. బాల్యం అరిజోనా, న్యూ మెక్సికో ప్రాంతాలలో గడిచింది. 1923లో ఆయన జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ధ్వనిశాస్త్ర గ్రంథాన్ని చదివాడు. పియానో శ్రుతి ప్రకృతి సిద్ధమైనది కాదని, అది ఒక రాజీ మాత్రమేనని ఆ గ్రంథం ద్వారా గ్రహించాడు.

ఆ రాజీ స్వరూపాన్ని కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పుకొంటే సుబోధకంగా ఉంటుంది. ఒక స్థాయిని 1200 సెంట్లుగా భావిస్తే, పియానో దానిని 100 సెంట్ల చొప్పున 12 సమ భాగాలు చేస్తుంది. శుద్ధ నిష్పత్తి 3/2 గల పంచమం 702 సెంట్లు. పియానోలో అది 700, తేడా స్వల్పం. కాని 5/4 నిష్పత్తి గల అంతర గాంధారం 386 సెంట్లు కాగా, పియానోలో అది 400. బాగా శ్రుతి చేసిన తంబురాలో వినిపించే స్వయంభూ గాంధారానికి అలవాటుపడిన చెవికి ఈ 14 సెంట్ల తేడా తెలుస్తుంది. 7/4 నిష్పత్తి వద్ద తేడా 31 సెంట్లకు పెరుగుతుంది. 11/8 నిష్పత్తి 551 సెంట్ల వద్ద, అంటే పియానో రెండు మెట్లకు దాదాపు సరిగ్గా నడుమ పడుతుంది. దానికి పియానోలో చోటే లేదు.

పార్చ్ ఈ నిష్పత్తులన్నింటికీ చోటు కల్పించదలచాడు. 11 వరకు గల బేసి సంఖ్యల పరస్పర నిష్పత్తుల నుంచి 29 స్వరాలను పొంది, వాటి మధ్య ఖాళీలను మరో 14 స్వరాలతో నింపి, స్థాయికి 43 స్వరాల వ్యవస్థను రూపొందించాడు. 1930లో, అంతవరకు పియానో శ్రుతిలో రాసిన తన రచనలను పొయ్యిలో వేసి తగలబెట్టాడు. ఆ సంవత్సరమే వయోలాకు పొడవైన మెడ అమర్చి తన తొలి సవరించిన వాద్యాన్ని సిద్ధం చేసుకొన్నాడు.

పార్చ్ శిల్పిగా ఆరంభించలేదన్నది ఇక్కడ గమనార్హం. ఆయనకు కావలసింది శ్రుతి. ఆ శ్రుతిని పలికే వాద్యం లోకంలో లేదు గనుక వడ్రంగి కావలసి వచ్చింది. శిల్పం ఆయన గమ్యం కాదు, సిద్ధాంతం విధించిన అనివార్యత.

4. వాద్యాలు: పదార్థం, రూపం, సిద్ధాంతం

1934లో కార్నెగీ సంస్థ ఆర్థిక సహాయంతో పార్చ్ ఐర్లండ్, ఇంగ్లండ్ దేశాలకు వెళ్లాడు. డబ్లిన్‌లో కవి యేట్స్‌ను కలిసి, ఆయన ఈడిపస్ నాటకానువాదానికి సంగీతం కూర్చే ప్రయత్నాన్ని వివరించాడు. లండన్‌లో ప్రాచీన గ్రీకు సంగీత పరిశోధకురాలు క్యాథ్లీన్ ష్లెసింగర్ వద్ద గ్రీకుల కిథారా నమూనాను చూశాడు. తిరిగి వచ్చాక ఆర్థిక మాంద్యం రోజుల్లో కొన్ని నెలలు దేశదిమ్మరిగా తిరిగాడు. 1938లో తన మొదటి కిథారాను నిర్మించాడు. దాని తీగలు 72, ఆరేసి చొప్పున 12 వరుసలు. నిలువెత్తు దాటిన ఈ వాద్యాన్ని నిలబడి, ఒళ్లంతా కదిలిస్తూ వాయించాలి.

తర్వాతి కాలపు వాద్యాలలో 1946 నాటి 'డైమండ్ మరింబా' విశేషంగా పరిశీలించదగినది. ఇందులో 36 చెక్కపలకలు వజ్రాకారంలో, మెట్లుమెట్లుగా అమరి ఉంటాయి. 1, 3, 5, 7, 9, 11 అనే ఆరు సంఖ్యల పరస్పర నిష్పత్తుల పట్టికే ఈ అమరిక. ఒక ఏటవాలు దిశలో పలకలపై కర్రను జారుస్తూ వాయిస్తే ఒక జాతి స్వరసమూహం, మరో దిశలో జారిస్తే దానికి విలోమ జాతి స్వరసమూహం పలుకుతాయి. సిద్ధాంత గ్రంథంలో కాగితంపై గీసిన పట్టిక ఇక్కడ చేతికి తగిలే వస్తువుగా మారింది. 1949లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆయన గ్రంథం 'జెనెసిస్ ఆఫ్ ఎ మ్యూజిక్' ఏ సిద్ధాంతాన్ని వివరించిందో, డైమండ్ మరింబా అదే సిద్ధాంతాన్ని నిలబెట్టి చూపింది.

పదార్థాల ఎంపికలో పార్చ్ తన కాలపు పారవేసిన వస్తువులను కూడా వాడుకొన్నాడు. 1950 ప్రాంతంలో నిర్మించిన 'క్లౌడ్-చేంబర్ బౌల్స్' ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రేడియేషన్ ప్రయోగశాల నుంచి 12 గ్యాలన్ల గాజు జాడీల ముక్కలను సేకరించి, కొయ్య చట్రానికి వేలాడదీశాడు. అణుకణాల జాడ తెలుసుకొనే పరిశోధనకు చెందిన గాజు, మెత్తగా తాకితే గంటవలె మోగింది. అదే కాలంలో నిర్మించిన 'స్పాయిల్స్ ఆఫ్ వార్' అనే వాద్యంలో ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులు ఉన్నాయి. 1963 నాటి 'మజ్దా మరింబా'లో లోపలి తీగలు తీసివేసిన విద్యుద్దీపాల బుడ్లు, 'జైమో-జైల్'లో మద్యం సీసాలు, కారు చక్రాల మూతలు ఉన్నాయి. 1964 నాటి 'గోర్డ్ ట్రీ'లో నీలగిరి చెట్టు కొమ్మకు సొరబుర్రలు, వాటికి గంటలు అమర్చాడు. 'మరింబా ఎరోయికా'లోని నాలుగు భారీ పలకలలో అతి పెద్దదాని ధ్వని సెకనుకు సుమారు 22 కంపనాలు. మానవ శ్రవణశక్తి దిగువ అంచున ఉన్న ఆ ధ్వని చెవికంటే ముందు ఒంటికి తగులుతుంది.

5. లిపి ఏమి చెప్పదు?

పార్చ్ తన రచనలకు లిపి రాశాడు. కాని ఆ లిపి స్వభావం వేరు. సాధారణ స్వరలిపి ఏ స్వరం పలకాలో చెబుతుంది. పార్చ్ లిపి చాలా సందర్భాలలో వాద్యంపై ఎక్కడ తాకాలో మాత్రమే చెబుతుంది. తీగ వరుస సంఖ్య, పలక స్థానం, పాత్ర స్థానం - ఇవీ దానిలోని గుర్తులు. దీనిని స్వరలిపి అనడంకంటే స్థానలిపి అనడం సముచితం.

హార్మోనియం జాతికి చెందిన రీడ్ ఆర్గన్‌ను సవరించి ఆయన చేసిన 'క్రోమెలోడియన్' దీనికి స్పష్టమైన నిదర్శనం. స్థాయికి 43 స్వరాలు కావడంవల్ల, ధ్వనిలో ఒక స్థాయి మెట్ల వరుసపై దాదాపు మూడున్నర స్థాయిల దూరం ఆక్రమిస్తుంది. వాద్యకారుని ముందున్న లిపి మామూలు ఆర్గన్ లిపివలెనే కనిపిస్తుంది. దానిని మామూలు ఆర్గన్‌పై వాయిస్తే రచయిత ఉద్దేశించని వేరొక సంగీతం వస్తుంది. వాద్యం లేని చోట ఈ లిపి అసంపూర్ణం మాత్రమే కాదు, తప్పుదారి పట్టించేది కూడా.

గాజు పాత్రల విషయం మరింత జటిలం. తీగను బిగించి శ్రుతి చేయవచ్చు, కొయ్యపలకను చెక్కి సరిదిద్దవచ్చు. పగిలిన గాజు పాత్రకు బదులు తెచ్చిన పాత్ర అదే శ్రుతిని, అవే ఉపస్వరాలను పలుకుతుందన్న నమ్మకం లేదు. వాద్యంలో వచ్చిన పగులు రచనలో వచ్చిన పాఠభేదంగా పరిణమిస్తుంది. తాళపత్రం చివర విరిగితే పద్యపాదం ఖండితమైనట్లే, పాత్ర పగిలితే స్వరం ఖండితమవుతుంది. ఈ కారణంచేతనే పార్చ్ సంగీతానికి మూలప్రతి కాగితం కాదు, వాద్యం అని చెప్పవలసి వస్తుంది.

6. రంగస్థలంపై వాద్యం

పార్చ్ తన సంగీతాన్ని 'కాయికం' అని వర్ణించుకొన్నాడు. మాట, పాట, నాటకం, నృత్యం, దేహచలనం విడివిడిగా ఉండరాదన్నది ఆయన సిద్ధాంతం. వాద్యబృందాన్ని వేదిక ముందున్న గుంటలో దాచే పాశ్చాత్య రంగస్థల సంప్రదాయాన్ని ఆయన తిరస్కరించాడు. 1952లో మిల్స్ కళాశాలలో 'కింగ్ ఈడిపస్', 1957లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 'ది బివిచ్డ్' ప్రదర్శితమయ్యాయి. 1969 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 'డెల్యూజన్ ఆఫ్ ది ఫ్యూరీ' ప్రదర్శితమైంది. దీని మొదటి అంకానికి జపానీ నో నాటకాలు, రెండవ అంకానికి ఒక ఇథియోపియా జానపద కథ ఆధారం. ఇందులో వాద్యాలే రంగాలంకరణ. వాద్యకారులు నటించి, పాడి, కదలవలసిన పాత్రధారులు.

దీనివల్ల వాద్యానికి మూడో బాధ్యత వచ్చింది. అది శ్రుతిని పలకాలి, సిద్ధాంతాన్ని చూపాలి, రంగస్థలంపై దృశ్యంగా నిలవాలి. ఒక్కొక్క స్వరాన్ని ధ్వనిముద్రణ చేసి కంప్యూటర్ ద్వారా పలికించినంత మాత్రాన మొదటి బాధ్యత కొంతవరకు నెరవేరవచ్చు. తక్కిన రెండూ నెరవేరవు. కిథారా ముందు నిలబడి చేతులు చాచే మనిషి ఆ సంగీతంలో భాగం.

7. పార్చ్ అనంతరం: మూడు మార్గాలు

పార్చ్‌కు ఏ సంగీత శాఖలోనూ శాశ్వత అధ్యాపక పదవి దక్కలేదు. వాడని కమ్మరి కొలిమి, మూసివేసిన నౌకానిర్మాణ కేంద్రం, వదిలేసిన కోడిపిల్లల పొదుగు కేంద్రం వంటి చోట్ల ఆయన కార్యశాలలు నడిచాయి. ఇల్లు మారిన ప్రతిసారీ వాద్యాలు ప్రయాణం చేశాయి. ఈ అస్థిరతే ఆయనను పరిరక్షణ గురించి ఆలోచింపజేసి ఉండవచ్చు. 1963లో వాద్యాల నిర్వహణ, మరమ్మతు, వాదన పద్ధతులపై ఒక కరదీపిక రాశాడు. 1974లో తన గ్రంథాన్ని విస్తృత పరచి మళ్లీ ప్రచురించాడు. అదే ఏడాది సెప్టెంబరు 3న శాన్ డియేగోలో మరణించాడు.

ఆ తర్వాత ఆయన సంగీతం మూడు మార్గాలలో మనుగడ సాగించింది.

మొదటిది మూల వాద్యాల సంరక్షణ. పార్చ్ సహచరుడు డాన్లీ మిచెల్ వాటిని కాపాడాడు. అనంతరం సంగీతకర్త డీన్ డ్రమండ్ బాధ్యత స్వీకరించాడు. 1999లో వాద్యాలు న్యూజెర్సీలోని మాంట్‌క్లేర్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 2013లో డ్రమండ్ మరణించిన తర్వాత, 2014లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి తరలాయి. అక్కడ వాటిని అద్దాల పెట్టెలలో బంధించక, విద్యార్థులచేత వాయింపజేశారు.

రెండవది ప్రతికృతి నిర్మాణం. జర్మనీలోని కొలోన్ నగరానికి చెందిన 'మ్యూజిక్‌ఫాబ్రిక్' బృందం కోసం థామస్ మైక్స్‌నర్ పార్చ్ వాద్యాల ప్రతికృతులను నిర్మించాడు. 2013లో రూర్‌ట్రియెన్నాలే ఉత్సవంలో హైనర్ గోబెల్స్ దర్శకత్వంలో ఆ వాద్యాలతో 'డెల్యూజన్ ఆఫ్ ది ఫ్యూరీ' ఐరోపాలో ప్రదర్శితమైంది. లాస్ ఏంజిలిస్‌లో జాన్ ష్నైడర్ నేతృత్వంలోని బృందం కూడా ప్రతికృతులతో కృషిచేసి, 'ప్లెక్ట్రా అండ్ పర్కషన్ డాన్సెస్' ధ్వనిముద్రణకు 2015లో గ్రామీ పురస్కారం పొందింది.

మూడవది అనువాదం. యౌవనంలో పార్చ్ వద్ద శిష్యరికం చేసిన బెన్ జాన్‌స్టన్ 'యు.ఎస్. హైబాల్' రచనను గాత్రానికి, నాలుగు తంత్రీ వాద్యాలకు అనువుగా మార్చాడు. క్రోనోస్ క్వార్టెట్ దానిని వాయించింది. మెట్లు లేని తంత్రీ వాద్యాలు గనుక శుద్ధ శ్రుతి నిలిచింది. వాద్య శిల్పం మాత్రం వేదికపై లేదు.

ఈ మూడింటిలో ప్రతికృతిని ద్వితీయ శ్రేణి ప్రయత్నంగా చూసే అలవాటు ఉంది. అది సరికాదు. పార్చ్ స్వయంగా తన వాద్యాలను పలుమార్లు మార్చాడు. 1938 నాటి కిథారా తర్వాత 1954లో రెండవ కిథారాను నిర్మించాడు. 'హార్మోనిక్ కెనన్' అనే తంత్రీ వాద్యానికీ ఒకటికంటే ఎక్కువ రూపాలున్నాయి. కనుక ప్రతికృతి నిర్మాత తొలి ప్రశ్న 'ఎలా చేయాలి' అన్నది కాదు, 'ఏ దశను అనుసరించాలి' అన్నది. ఇది పాఠ నిర్ణయ సమస్య. మైక్స్‌నర్ వంటి నిర్మాత ముందున్నవి పార్చ్ కొలతలు, కరదీపిక, ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, ధ్వనిముద్రణలు, మూల వాద్యాలు. వీటిని పోల్చి ఒక పాఠాన్ని స్థాపించడం, పలు ప్రతులను సరిచూసి కావ్యపాఠాన్ని స్థాపించే పరిష్కర్త పనికి భిన్నం కాదు.

8. మరొక మార్గం: బాషే సోదరులు

పార్చ్ ఉదంతాన్ని ఫ్రాన్స్‌లోని బెర్నార్ బాషే, ఫ్రాన్స్వా బాషే సోదరుల కృషితో పోల్చడం ప్రయోజనకరం. వారు 1952లో 'క్రిస్టల్ బాషే'ను రూపొందించారు. తడిచేసిన వేళ్లతో గాజు కడ్డీలను నిమిరితే, ఆ కంపనం లోహానికి చేరి, విద్యుత్తు అవసరం లేకుండానే పెద్ద లోహపు రేకుల ద్వారా వినిపిస్తుంది. ఆ రేకులే దాని శిల్పరూపం. పార్చ్ వాద్యాలకు భిన్నంగా ఇది 12 స్వరస్థానాల శ్రుతిని అంగీకరించింది. అందువల్ల ఇతర సంగీతకర్తలు దానికి సులభంగా రచనలు చేయగలిగారు. అది ఒకటికంటే ఎక్కువ ప్రతులుగా తయారై, నేటికీ కళాకారుల చేతిలో ఉంది. పిల్లల బోధనకు 14 వాద్యాల సముదాయాన్ని కూడా బాషేలు సిద్ధం చేశారు.

అయితే వారి ఏకైక శిల్పాలకు ఇదే భద్రత దక్కలేదు. 1970లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనలోని ఉక్కు మండపం కోసం ఫ్రాన్స్వా 17 ధ్వనిశిల్పాలను నిర్మించాడు. ప్రదర్శన ముగిసిన తర్వాత వాటిని విడదీశారు. కొన్ని మాత్రమే దశాబ్దాల అనంతరం పునరుద్ధరణ పొందాయి. పలు ప్రతులున్న వాద్యం నిలిచింది, ఏకైక ప్రతులు భాగాలుగా విడిపోయాయి. శ్రుతిలో రాజీ పడని పార్చ్‌కు విస్తృత వ్యాప్తి లభించలేదు, వ్యాప్తి కోరిన బాషేలకు ఆ రాజీ అవసరమైంది. ఈ రెంటిలో ఏది మెరుగని తీర్పు చెప్పడం చరిత్రకారుని పని కాదు. కాని రెండూ ఒకే సత్యాన్ని సూచిస్తాయి: వాద్యాన్ని మళ్లీ చేయగల చేతులు ఉన్నంతకాలమే ఈ సంగీతం ఉంటుంది.

9. ముగింపు

పై పరిశీలనవల్ల కొన్ని నిర్ధారణలు సాధ్యమవుతాయి.

శిల్పరూప వాద్యాలతో సృష్టించిన ప్రయోగ సంగీతంలో వాద్యం కేవలం సాధనం కాదు. శ్రుతి వ్యవస్థ, సిద్ధాంతం, వాదన భంగిమ, రంగదృశ్యం దానిలోనే నిక్షిప్తమై ఉంటాయి. లిపి దానికి సూచిక మాత్రమే. కనుక ఇటువంటి రచనల పరిష్కృత ప్రచురణలో వాద్య వివరణ అనుబంధంగా కాక, ప్రధాన పాఠంలో భాగంగా ఉండాలి.

పునర్నిర్మాణం పాండిత్య కృషి. ప్రతికృతి నిర్మాతలు తాము ఏ దశను ఆధారం చేసుకొన్నారో, ఎక్కడ ఊహించి పూరించారో నమోదు చేయాలి. పీఠిక, పాఠాంతర సూచిక లేని పరిష్కరణను సాహిత్య పరిశోధన అంగీకరించదు. వాద్య పునర్నిర్మాణానికీ అదే నియమం వర్తించాలి.

భద్రపరచడానికి, వాయించడానికి మధ్య కనిపించే వైరుధ్యం మూల వాద్యం ఒక్కటే ఉన్నప్పుడు తీరదు. ప్రతికృతులు ఉన్నప్పుడే మూల వాద్యానికి విశ్రాంతి, సంగీతానికి జీవం ఏకకాలంలో లభిస్తాయి. తాళపత్ర గ్రంథాలు నిలిచింది తాటాకు మన్నికవల్ల మాత్రమే కాదు, తరతరాల లేఖకులు వాటికి కొత్త ప్రతులు రాయడంవల్ల. పార్చ్ వాద్యాలకూ ఇప్పుడు అటువంటి లేఖకులు కావాలి. వారి చేతిలో ఉండేది గంటం కాదు, ఉలి.